ఆయిల్ దొంగను పట్టుకోవడానికి దుమ్ముగూడెం దాకా

ముందే చెప్పేస్తున్నాను, ఇది గోదావరి అందాల గురించి రాయాలని మొదలుపెట్టిన పోస్టు. భద్రాచలం మీదుగా దుమ్ముగూడెం, పర్ణశాల చూసి ఒక్కరోజులో తిరిగొచ్చేయాలనుకునేవాళ్లకు దారి, టైము, ఖర్చు చెబుదామనుకున్నాను. అవన్నీ చెప్తాను. కానీ ఆ రోజు జరిగింది తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది. అది పక్కన పెట్టి నది మీద పొగమంచు గురించి రాయడం నా వల్ల కాదు.

నేను ఖమ్మంలో ఒక జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెప్తాను. డిసెంబర్లో వరసగా మూడు రోజులు సెలవు దొరికింది. పెనుబల్లిలో ఉండే బాబాయికి మామిడి తోటలున్నాయి, ఏడేళ్ల నాటి డీజిల్ కారుంది, దాన్ని నడపడానికి లచ్చిరాం ఉన్నాడు. "కారు ఇస్తావా బాబాయ్, డీజిల్ నేను కొట్టించుకుంటాను" అని ఫోన్ చేస్తే, "దానికేం భాగ్యం, తీసుకెళ్లు. నాదీ ఒక పనుంది, చేసిపెడుదువుగాని" అన్నాడు. గురువారం మధ్యాహ్నం ఖమ్మంలో సత్తుపల్లి బస్సెక్కాను. ఆధార్ చూపిస్తే ఆడవాళ్లకు టికెట్ లేదు, కాబట్టి పెనుబల్లిదాకా ఖర్చు సున్నా. గంటన్నర, మధ్యలో వైరా దగ్గర కాసేపు ఆగితే పావుగంట ఎక్కువ.

ఆ పనేమిటో సాయంత్రం టీ తాగుతున్నప్పుడు చెప్పాడు. "లచ్చిరాం ఆయిల్ తీసి అమ్ముకుంటున్నాడమ్మా."

నాకు నవ్వొచ్చింది. డీజిల్ తీసేవాళ్ల గురించి విన్నాను గానీ, ఇంజన్ ఆయిల్ తీసుకుపోయేవాడి గురించి ఎప్పుడూ వినలేదు. బాబాయి మాత్రం నవ్వలేదు. "దసరా దగ్గర్నుంచి చూస్తున్నా. వారం వారం తగ్గిపోతోంది. నేను పోయిస్తానే ఉన్నా, అది తగ్గుతానే ఉంది. కింద చుక్క కారట్లేదు. మరెటు పోతోంది? రేపు నువ్వెలాగూ పక్కనే ఉంటావుగా, ఒక కన్నేసి ఉంచు. అనుమానం తీరిందంటే ఆదివారం నుంచి రావొద్దని చెప్పేస్తాను."

లచ్చిరాం పక్క తండా మనిషి. యాభై దాటాయి. పద్దెనిమిదేళ్లుగా బాబాయి దగ్గరే నడుపుతున్నాడు. దొంగ అని పేరు పెట్టి పంపిస్తే ఈ చుట్టుపక్కల మళ్లీ ఎవరూ అతని చేతికి స్టీరింగు ఇవ్వరని బాబాయికీ తెలుసు, నాకూ తెలుసు. అయినా నేనేమన్నానో రాస్తున్నాను చూడండి. "సరే బాబాయ్, చూస్తాలే" అన్నాను.

బాబాయి నన్ను కారు దగ్గరికి తీసుకెళ్లి బానెట్ ఎత్తాడు. కారు గురించి తెలియనివాళ్ల కోసం ఒక మాట. ఇంజన్‌లో ఆయిల్ ఎంతుందో చూడ్డానికి ఒక పొడవాటి సన్నని ఇనుప పుల్ల ఉంటుంది. డ్రైవర్లు గేజ్ అంటారు. పసుపు రంగు రింగు పట్టుకుని పైకి లాగితే కింది కొసన రెండు గీతలు కనిపిస్తాయి. ఆయిల్ తడి ఆ రెండు గీతల మధ్యలో ఉండాలి. ఆ సాయంత్రం కింది గీత దగ్గరే ఉంది. బాబాయి డబ్బా తెచ్చి, పై గీత తడిసేదాకా నా ఎదురుగానే పోశాడు. "చూశావుగా, నిండుగా ఉంది. రేపు మళ్లీ చూద్దాం" అన్నాడు, పరీక్ష పేపరు సీలు వేసినంత గంభీరంగా.

శుక్రవారం పొద్దున్నే బయల్దేరదామంటే బండి పూజ అయ్యేదాకా కదలనివ్వలేదు. బానెట్‌కు పసుపు కుంకుమలు, ఇంజన్‌కు ఒక పసుపు దారం, ముందు టైర్ల కింద నిమ్మకాయలు, కొబ్బరికాయ. లచ్చిరాం అంతసేపూ గేటు అవతలే నిలబడి ఉన్నాడు. పిలిచాకే లోపలికొచ్చి స్టీరింగు ముందు కూర్చున్నాడు. అది చూసి కూడా నాకేమీ అనిపించలేదు, నా ధ్యాసంతా అతని చేతుల మీదే ఉంది. ఆరూ ఇరవైకి నిమ్మకాయలు తొక్కించుకుని బయల్దేరాం.

దారి ఇది: పెనుబల్లి నుంచి కల్లూరు మీదుగా తల్లాడ, అక్కడ కుడికి తిరిగి ఏన్కూరు, జూలూరుపాడు, కొత్తగూడెం, పాల్వంచ, గోదావరి వంతెన దాటితే భద్రాచలం. మొత్తం నూట ఇరవై కిలోమీటర్ల దాకా. తల్లాడలో టీ పదిహేను రూపాయలు, బాగుంది. ఏన్కూరు దాటాక రోడ్డుకు రెండు పక్కలా అడవి మొదలవుతుంది. టేకాకులు ఎండి రాలుతున్నాయి, చలికి అద్దం దించబుద్ధి కాలేదు. లచ్చిరాం మెల్లగా, గుంత వస్తే ముందే తెలిసినవాడిలా నడిపాడు. "ఈడ కోతులుంటయ్ మేడం, మీరు ఆపమన్నా ఆపను" అన్నాడు. పద్దెనిమిదేళ్లలో ఒక్కసారి కూడా బండికి గీత పడనివ్వలేదని బాబాయే చెప్పేవాడు. దొంగకు అంత శ్రద్ధ ఎందుకుంటుందని అప్పుడు నాకు తట్టలేదు.

ఎనిమిదిన్నరకు కొత్తగూడెం దగ్గర ఒక బంకులో డీజిల్ కోసం ఆగాం. రెండు వేలకు కొట్టించాను, రానూ పోనూ సరిపోయింది. బంకులో పనిచేసే ఆయన మేం అడగకుండానే బానెట్ ఎత్తి, గేజ్ లాగి, నా ముఖం ముందు పెట్టాడు. "మేడం, ఆయిల్ లేదు. గీ కింది గీతకే అందుతలేదు."

నిన్న సాయంత్రం పై గీత దాకా ఉన్న ఆయిల్!

లచ్చిరాం దిగొచ్చి, "ఇప్పుడే బంద్ జేసినం గదన్నా. ఆయిల్ పైనుంచి కిందికి దిగనీయాలె. పది నిమిషాలు ఆగి చూస్తేనే కరెక్ట్ తెలుస్తది" అన్నాడు.

"ఏం దిగుతది? ఇంజన్ పట్టేస్తే నీకు పోయేదేంది, పోతే మేడంకు పోతది" అన్నాడు బంకాయన.

చూడండి, ఆ మాట నాకు నచ్చింది. పదేళ్లు ఫిజిక్స్ చెప్పినదాన్ని, ఆగి చూద్దాం అన్నవాడిని వదిలేసి డబ్బా అమ్మేవాడిని నమ్మాను. అర లీటరు డబ్బా రెండొందల అరవై. "పోయండి" అన్నాను. పోస్తున్నప్పుడు లచ్చిరాం వైపు చూశాను కూడా, నీ సంగతి నాకు తెలుసులే అన్నట్టు. అతను తల తిప్పుకుని టైర్లలో గాలి చూసుకున్నాడు.

భద్రాచలంలో టిఫిన్ చేసి బయటపడేసరికి పది దాటింది. అక్కణ్నుంచి చర్ల వైపు రోడ్డు పట్టుకుంటే దుమ్ముగూడెం ముప్పై కిలోమీటర్ల లోపే. ఎడమ చేతి వైపు చెట్ల సందుల్లోంచి గోదావరి కనిపిస్తూ మాయమవుతూ ఉంటుంది. ఒడ్డంతా మిరప తోటలు. సగం దూరం పోయామో లేదో ముక్కుకు మాడు వాసన తగిలింది. లచ్చిరాం అద్దంలో చూసి, "మేడం, ఎనక పొగ జూడున్రి" అంటూ వెంటనే పక్కకు తీసి ఇంజన్ ఆపేశాడు. వెనక రోడ్డంతా నీలంగా పొగ.

"ఆయిల్ తక్కువైందా?" అన్నాను.

"తక్కువైతే గిట్ల పొగ రాదు మేడం. ఎక్కువైతే వస్తది."

నాకు అర్థం కాలేదు. ఇప్పుడే కదా తక్కువుందని పోయించాం!

రోడ్డు దిగువన తోటలో ఒకామె డీజిల్ ఇంజన్ పెట్టి నది నీళ్లు మిరపకు పారిస్తోంది. పొగ చూసి తన ఇంజన్ ఆపేసి పైకొచ్చింది. పేరు జోగమ్మ. కోయ మనిషి, నలభై ఏళ్లుంటాయి. చేతులకు నల్లగా గ్రీజు. "రోడ్డు వాలుగున్నది, ఈడ చూస్తే ఏం తెలుస్తది? మా కళ్లంల పెట్టున్రి, సాపుగుంటది" అంది. ఆమె, లచ్చిరాం వెనక నుంచి, నేను పక్క నుంచి స్టీరింగు తిప్పుతూ, మిరపకాయలు ఆరబోయడానికి అలికి ఉంచిన కళ్లంలోకి కారును తోశాం. వాళ్లత్తకు కోయలో ఏదో కేకేసి చెప్పింది. ఆమె చెంబుతో నీళ్లు తెచ్చింది. ఇరవై నిమిషాలు ఇంజన్ చల్లారనిచ్చాం.

ఆ తర్వాత లచ్చిరాం జేబులోంచి ఒక శుభ్రమైన గుడ్డ తీసి, దాన్ని చేతికి చుట్టుకుని గేజ్ రింగు పట్టుకున్నాడు. ఇంజన్ చల్లారిపోయింది. గుడ్డెందుకో నాకు తెలియలేదు. లాగి, తుడిచి, మళ్లీ దించి, మళ్లీ లాగాడు. కింది గీతకు కాస్త పైన ఉంది. మరి పొగెందుకు?

జోగమ్మ చూస్తూనే ఉంది. "మీ గేజ్ సాంతం దిగుతలేదన్నా. మా ఇంజన్‌ది కూసుంటే టక్ మంటది. మీది మెత్తగ ఆగుతాంది" అంది. వంగి చూసి, రింగు కింద వేలు పెట్టబోయింది. "గీ దారాలేంది?"

"ముట్టకమ్మా!" అన్నాడు లచ్చిరాం. ఒక్కసారిగా కంగారు పడ్డాడు. "పూజది. ముట్టొద్దన్నరు."

"ఎవరు ముట్టొద్దన్నది?" అన్నాను.

లచ్చిరాం నా వైపు చూడకుండా చెప్పాడు. "అయ్యగారు, మీ బాబాయే. దసరాకు కంకణం కట్టినప్పుడే చెప్పిండు. ఇది దేవుడిది, నీ చెయ్యి తగలొద్దని. గందుకే గుడ్డతోని పడత. శుక్రవారం శుక్రవారం ఒక పోగు కడతడు."

అరికాలి మంట నెత్తికెక్కడమంటే ఏమిటో ఆ కళ్లంలో తెలిసింది. పద్దెనిమిదేళ్లు ఈ మనిషి చేతుల్లో తన ప్రాణాలు పెట్టి తిరిగినవాడు, తన భార్యను దవాఖానాకు పంపినవాడు, తన మనవరాలిని బడికి పంపినవాడు, దారం మీద మాత్రం ఆ చెయ్యి తగలకూడదన్నాడు. పైగా ఆ దారాన్ని కట్టింది ఎక్కడ? ఫ్యానుకు, బెల్టుకు దగ్గర్లో కడితే చుట్టుకుపోతుందని మెకానిక్ చెప్పాడట. ఇంజన్‌లో కదలనిది ఏదా అని వెతికి, గేజ్ మెడకు కట్టాడు.

దారం నేను పట్టుకున్నాను. పసుపు, ఆయిల్ కలిసి గట్టిపడిపోయింది, గోటికి లొంగలేదు. జోగమ్మ కొడవలి ఇచ్చింది. కోసి పక్కన పెట్టి లెక్కపెడితే పదకొండు పోగులు, చిటికెన వేలంత మందం. గేజ్‌ను మళ్లీ గొట్టంలోకి దించాను. టక్ మంది. పైకి లాగి చూస్తే ఆయిల్ పై గీతను దాటి ఎక్కడికో పోయింది.

ఇక్కడ నా సిగ్గు కూడా చెప్పుకోవాలి. కొలిచే పరికరమే తప్పు చోట మొదలైతే కొలత తప్పు వస్తుందని, దాన్నే జీరో ఎర్రర్ అంటారని ప్రతి జూన్‌లో ఫస్టియర్ పిల్లలకు గొంతు చించుకుని చెప్తాను. గేజ్ ఎంత పైకి లేచి ఆగితే దాని కొస అంత తక్కువ మునుగుతుంది. ప్రతి శుక్రవారం ఒక పోగు పెరిగింది, ఆయిల్ ఉన్నదున్నట్టే ఉన్నా గీత మీద తగ్గినట్టు కనిపించింది, బాబాయి మళ్లీ పోశాడు. అలా ఎక్కువైన ఆయిల్‌ను లోపల తిరిగే క్రాంకు చిలికి నురగ చేస్తుందట, అదే పొగ. కొత్తగూడెంలో నేను పోయించిన అర లీటరు దాని మీద తాంబూలం. దొంగతనం లేదు, దొంగ లేడు. ఉన్నదల్లా మా బాబాయి భక్తి, నా తెలివి.

లచ్చిరాం కారు కిందికి దూరి, ఆయిల్ దిగే బోల్టును కొద్దిగా సడలించాడు. జోగమ్మ పాత డబ్బా పట్టింది. తీయడం, బిగించడం, ఆగడం, గేజ్ చూడటం, మళ్లీ తీయడం. నాలుగోసారికి సరిగ్గా రెండు గీతల మధ్యలోకి వచ్చింది. డబ్బాలో లీటరున్నరకు పైనే పడింది. "మా నాగలి బోల్టులకు పనికొస్తది" అని జోగమ్మ తీసుకుంది. ఏమైనా ఇవ్వబోతే, "ఏందక్కా, నేనేం జేసిన? టక్ మనలేదని చెప్పిన, గంతే గదా" అని నవ్వింది. వాళ్లత్త పెట్టిన జావ తాగి పన్నెండున్నరకు బయల్దేరాం. పొగ లేదు.

దుమ్ముగూడెంలో పాత ఆనకట్ట, లాకులు తప్పకుండా చూడండి, మధ్యాహ్నం వెలుగులో నీళ్లు బాగుంటాయి. నేను మాత్రం సిగ్నల్ కోసం చూశాను. దొరకగానే బాబాయికి ఫోన్ కలిపి, లచ్చిరాం కూడా వినాలని స్పీకర్ పెట్టాను. క్షమించమనే మాట అతని చెవిన పడాలని నా ఆశ. జరిగిందంతా పూసగుచ్చినట్టు చెప్పాను.

"దారం తీసేశావా? ఎవర్నడిగి తీశావమ్మాయ్?" అన్నాడు బాబాయి.

"బాబాయ్, నేను చెప్పింది విన్నావా? లచ్చిరాం ఒక్క చుక్క కూడా తీయలేదు."

"విన్నాలే. అయితే మంచిదేగా. ఆదివారం మామూలుగానే రమ్మను. ఇంతకీ తీసిన ఆయిల్ ఏం చేశారు? పారబోయలేదు కదా?"

నేను స్పీకర్ ఆపేసేలోపే లచ్చిరాం కారు దిగి నది వైపు నడిచాడు. తల కొట్టేసినట్టయింది నాకు.

పర్ణశాలలో గంట ఉన్నాం. గుడి చిన్నది, పక్కన వాగు, నీడ ఉంది. పార్కింగుకు కొంచెం చిల్లర ఉంచుకోండి. మూడున్నరకు భద్రాచలం తిరిగొచ్చి భోజనం చేశాం, ప్లేటు నూట ఇరవై, పప్పు మళ్లీ మళ్లీ వేస్తారు. లచ్చిరాంను నా ఎదురుగా కూర్చోమంటే మొదట ఒప్పుకోలేదు, బలవంతం చేస్తే కూర్చున్నాడు. సగం అన్నం తిన్నాక అడిగాడు.

"మేడం, మీరు గూడ నన్ను కనిపెట్టనీకే వచ్చిన్రా?"

అబద్ధం చెప్పొచ్చు. నేను గోదావరి చూడ్డానికే వచ్చానని, అది సగం నిజమే. కానీ బంకు దగ్గర నేను చూసిన చూపు అతను చూశాడు.

"అవునన్నా. తప్పు చేశాను" అన్నాను.

"అనుకున్న" అన్నాడు. మజ్జిగ పోసుకుని అన్నం పూర్తి చేశాడు.

ఏడింటికి పెనుబల్లి చేరాం. లచ్చిరాం కారును ఇంటి ముందు సిమెంటు గచ్చు మీద పెట్టి, ఆపి, పావుగంట ఆగాడు. తర్వాత బానెట్ ఎత్తి, "అయ్యా, మీరే వచ్చి గుంజున్రి" అని పిలిచాడు. బాబాయి వచ్చాడు, గేజ్ లాగాడు, తుడిచాడు, మళ్లీ చూశాడు. సరిగ్గా మధ్యలో ఉంది. "ఆఁ, బాగుంది. ఆదివారం పెందలాడే రా, సత్తుపల్లిలో పెళ్లుంది" అన్నాడు.

లచ్చిరాం బానెట్ దించి, తాళం తీసి దాని మీద పెట్టాడు. "వేరేటోళ్లను జూసుకోన్రి అయ్యా."

"ఇప్పుడేమైందని? నిన్ను నేనేమన్నా అన్నానా?"

"అనలేదయ్యా. మీరు అందరికీ జెప్పిన్రు. ఆయిల్ ఎటు పోతాందిరా లచ్చిరాం అని నన్నొక్కసారి అడగలే. అడిగితే ఇద్దరం కలిసి జూస్తుంటిమి." అంతే చెప్పాడు. గేటు తీసుకుని వెళ్లిపోయాడు. బాబాయి నా వైపు తిరిగి, చూశావా ఎంత పొగరో అన్నాడు. ఆయనతో అంత గట్టిగా నేను ఎప్పుడూ మాట్లాడలేదు. పిన్ని వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చింది. ఆ మాటలన్నీ ఇక్కడ రాయను.

అడవి దారి బాగుందా అని ఖమ్మంలో అందరూ అడిగారు. బాగుంది, పోయి రండి. నాకు మాత్రం ఆ దారంతా ఒకే సంగతి గుర్తుంది. ఒక మనిషిని అనుమానించడానికి ముగ్గురం తయారయ్యాం, బాబాయి, బంకాయన, నేను. గేజ్ సరిగ్గా కూర్చుందా అని చూసింది మాత్రం ముక్కూ మొహం తెలియని జోగమ్మ. చదువుకున్నామని, కొలవడం తెలుసని ఏ మొహంతో చెప్పుకుంటామో నాకు తెలియదు. లచ్చిరాం ఇప్పుడు కల్లూరులో ఒక స్కూలు వ్యాను నడుపుతున్నాడు. మొన్న ఫోన్ చేస్తే పిల్లల గోలలో సగం మాటలు వినపడలేదు గానీ, గొంతు హుషారుగానే ఉంది.

ఈ దారిన పోయేవాళ్లకు ఒక్క సలహా: ఆయిల్ బంకులో చూపించుకోకండి. పొద్దున్నే ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు, సాపు నేల మీద, గేజ్ లాగి తుడిచి, టక్ మని కూర్చునేదాకా దించి, రెండోసారి లాగినప్పుడు కనిపించేదే నమ్మండి. గీతల మధ్య ఉంటే ఎవరెంత చెప్పినా పోయించకండి. ఇక మా బాబాయి సంగతంటారా, లచ్చిరాం ఏమయ్యాడని ఎవరడిగినా, తనంతట తనే మానేశాడని చెప్తున్నాడు. అది అబద్ధం కూడా కాదు, అందుకే నాకు ఇంకా ఎక్కువ మండుతుంది.